రెడీ దీపం పూర్తి నిజం చెప్పదు

కెమెరా చూడగానే జనం మెగాపిక్సెళ్లు ఎన్నని అడుగుతారు. కాస్త తెలిసినవాళ్లు లెన్సు గురించి అడుగుతారు. ఫ్లాష్‌లో ఏ సెల్స్ వేశావని ఇన్నేళ్లలో నన్నెవరూ అడగలేదు. పెళ్లి ఫోటోలు తీసే నాకు మాత్రం వాటి గురించిన బెంగే ఎక్కువ. గోదావరి దాటి ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాకు వెళ్లడం మొదలుపెట్టాక అది మరీ పెరిగింది.

2016లో ఏటూరునాగారం దగ్గర ముల్లకట్ట వంతెన వచ్చాక వరంగల్ నుంచి భోపాలపట్నం వెళ్లడం తేలికైంది. అక్కడ తెలుగువాళ్లు చాలామంది. మన వైపు వాళ్లతో వియ్యాలున్నాయి. పెళ్లివారి వెంట మాలాంటి ఫోటోగ్రాఫర్లూ వెళతారు. 2005లో సల్వాజుడుం మొదలైంది ఈ నేల మీదే (బీజాపూర్ అప్పటికింకా దంతేవాడ జిల్లాలో భాగం, 2007లో విడిపోయింది). 2011లో సుప్రీంకోర్టు దాన్ని తప్పుపట్టేలోపు ఎన్నో ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఇల్లు వదిలి పరుగెత్తేవాడు ఆల్బమ్ పట్టుకెళ్లడు. అందుకే నేను కలిసిన కొన్ని కుటుంబాల్లో పెళ్లి ఆల్బమ్ ఒక్కటే ఇంటిల్లిపాది బొమ్మలూ ఉన్న పుస్తకం.

భోపాలపట్నం దాటాక ఒక ఊళ్లో అలాంటి ఆల్బమే నా చేతికిచ్చారు. తీసింది ఎవరో నాకు తెలియదు. ముందు పేజీలు కళకళలాడుతున్నాయి. తలంబ్రాల దగ్గరికి వచ్చేసరికి వెలుగు తగ్గింది. చివర్లో, తెల్లవారుజామున వంటపని ముగించుకుని వచ్చి నిలబడ్డ ఆడవాళ్ల బొమ్మలో చీర అంచులు, గాజులు మెరుస్తున్నాయి కానీ ముఖాలు లేవు. అందులో ఒకామె పెళ్లికూతురి తల్లి. ఆ తర్వాత రెండేళ్లకు పోయింది. "అమ్మది ఇదొక్కటే ఉందన్నా, కాస్త తెలుపు చేసి పెద్దది చేసిస్తావా?" అని ఆ అమ్మాయి అడిగింది. అసలు ఫైలు లేదు. కాగితం మీద పడని ముఖాన్ని ఏ కంప్యూటరూ పుట్టించలేదు. కుదరదని చెప్పాను.

తప్పు ఎక్కడ జరిగిందో ఆ పేజీలే చెబుతున్నాయి. ఫ్లాష్‌లో నాలుగు పెన్సిల్ సెల్స్ ఇచ్చే అయిదారు వోల్టుల్ని సుమారు 300 వోల్టులకు పెంచి కెపాసిటర్‌లో నింపుతారు. అదంతా జినాన్ గొట్టంలో సెకనులో వెయ్యో వంతు అటూఇటూగా ఖర్చయిపోతుంది. మళ్లీ నిండాలంటే సెల్స్ గబగబా కరెంటు ఇవ్వాలి. చాలా ఫ్లాష్‌లలో రెడీ దీపం కెపాసిటర్ పూర్తిగా నిండకముందే వెలుగుతుంది. సెల్స్ అలసిపోయాక ఆ మిగతాది నిండటానికే సెకన్లు పడుతుంది. పెళ్లిపందిట్లో అంతసేపు ఎవరు ఆగుతారు? మీట నొక్కేస్తారు. సగం వెలుగే పడితే ఫ్లాష్ అందే దూరం దాదాపు 70 శాతానికి పడిపోతుంది. అంటే ముందు వరస బతికిపోతుంది, వెనక వరస చీకట్లో కలుస్తుంది. వెనక వరసలో ఎవరు నిలబడతారో వేరే చెప్పాలా?

సెల్ మీద వోల్టులు చూసి మోసపోయేవాళ్లు ఎక్కువ. ఆల్కలైన్ సెల్ 1.5 వోల్టులు, రీచార్జి చేసే నికెల్ మెటల్ హైడ్రైడ్ 1.2 వోల్టులే. అయినా ఫ్లాష్‌లో రెండోదే గెలుస్తుంది. ఆల్కలైన్ కూజా లాంటిది. లోపల నీళ్లున్నా మూతి సన్నం, వంచితే బొటబొటా కారుతుంది. రెండోది బిందె. 2003లో వచ్చిన నికాన్ ఎస్‌బి-800 పూర్తి శక్తితో వెలిగాక మళ్లీ సిద్ధం కావడానికి ఆల్కలైన్‌తో 6 సెకన్లు, నికెల్ సెల్స్‌తో 4 సెకన్లు పడుతుందని కంపెనీ లెక్క. అదీ కొత్త సెల్స్‌తో. ఇక ఊరి కిరాణా కొట్లో దొరికే మామూలు జింక్ సెల్స్ గోడ గడియారానికి పనికొస్తాయి, ఫ్లాష్‌కు దండగ.

పాతరకం రీచార్జి సెల్స్‌కు ఇంకో జబ్బుంది. వాడకపోయినా, సంచిలో పడుంటేనే నెలలో పాతిక శాతం దాకా దిగిపోతాయి. ఎండకు మరీ త్వరగా. బస్తర్ మే నెల ఎలా ఉంటుందో వెళ్లినవాళ్లకు తెలుసు. 2005లో శాన్యో కంపెనీ ఎనిలూప్ తెచ్చాక ఈ బాధ చాలావరకు తీరింది, ఏడాది తర్వాత కూడా చార్జిలో ఎక్కువ భాగం అలాగే ఉంటుంది. ఇప్పుడు లిథియం ప్యాకుతో సెకనున్నరలో సిద్ధమయ్యే ఫ్లాష్‌లు వచ్చాయి. మంచివే. కానీ అర్ధరాత్రి ఆ ప్యాకు అయిపోతే, ఆ అడవి ఊళ్లో, జనరేటర్ సౌండ్‌బాక్సులకే చాలనప్పుడు, చార్జి ఎక్కడ పెడతావు? నేను ఇప్పటికీ పెన్సిల్ సెల్సే మోస్తాను. నాలుగేసి చొప్పున జతకట్టి, నంబర్లు వేసి. ఏ జతలోది ఆ జతలోనే. బలమైన మూడింటి మధ్య నీరసపడ్డది ఒకటి చేరితే, మిగతావి దాన్ని తిరగబడేలా చేసి చంపేస్తాయి.

పొదుపుకు ఇంకో దారి ఐఎస్ఓ. 100 నుంచి 400కు పెంచితే నాలుగో వంతు వెలుగే చాలు. అన్నే సెల్స్‌తో నాలుగింతల ఫోటోలు వస్తాయి, ఆగాల్సిన పనీ తగ్గుతుంది. పట్నం హాళ్లలో లాగా తెల్లటి సీలింగుకు ఫ్లాష్ ఎత్తి కొట్టడం అక్కడ కుదరదు. పైన పొగచూరిన వాసాలు, పెంకులు వెలుగును మింగేస్తాయి. అందుకే తెల్లగుడ్డ ఒకటి వెంట ఉంచుకుంటాను. దాన్ని పట్టుకోవడానికి పిల్లలు పోటీపడతారు.

ఆ ఆల్బమ్ చూశాక ఒక వరస పెట్టుకున్నాను. మొదటి జత సెల్స్ వేయగానే, వరుడు విడిదికి రాకముందే, వంటశాల దగ్గరికి వెళతాను. ముసలివాళ్లను, పిండి చేతులతో ఉన్న ఆడవాళ్లను ఒక్కొక్కరినే నిలబెట్టి తీస్తాను. "ముందు పెళ్లికొడుకును తియ్యి బాబూ, మాదేముంది" అని వాళ్లే అంటారు. పెళ్లికొడుకుకు తెల్లారేదాకా టైముంది. ఆపైన అతని ముఖం మీద వీడియోవాడి లైటు కూడా ఉంటుంది.