ఊపిరి సాంచా

మా ఆవిడది సిరిసిల్ల. మొదలుపెట్టీ పెట్టకుండానే అత్తవారి ఊరు ఎత్తుకున్నాడేమిటి అనుకోకండి. ఇవాళ నేను జగిత్యాలలో కూర్చుని ఈ నాలుగు ముక్కలు వ్రాయగలుగుతున్నానంటే అందుకు ఆ ఊరు కొంత కారణం.

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. మా అత్తవారి వాడలో పగలూ రాత్రీ సాంచాలు నడుస్తూనే ఉంటాయి. ఆ టకటకలలో పుట్టి పెరిగినవాళ్ళకు అది జోలపాటతో సమానం. కొత్త అల్లుడిగా వెళ్ళిన మొదటి రాత్రి నేను అక్కడ కన్ను మూస్తే ఒట్టు. అర్ధరాత్రి ఎప్పుడో కరెంటు పోయి సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. హమ్మయ్య, ఇహ నిద్రపోవచ్చు ననుకున్నాను. సరిగ్గా అప్పుడే ఇంటిల్లిపాదీ లేచి కూర్చున్నారు! "ఏమయింది? ఎందుకాగినయి?" అని ఒకరినొకరు అడగడం. చప్పుడుకు కాదు, చప్పుడు ఆగితే మెలకువ వచ్చే మనుషులు వాళ్ళు.

అంచేత నా గురక మా ఆవిడను ఏనాడూ బాధించలేదు. పరీక్ష పేపర్లు దిద్దడానికి పొరుగూరు వెళ్ళినప్పుడు తోటి లెక్చరర్లు నాతో ఒక గదిలో ఉండలేక వరండాలో పక్కలు వేసుకునేవారు. ఆవిడ మాత్రం హాయిగా నిద్రపోయేది. అటువంటిది, నాలుగేళ్ళ క్రితం ఒకనాటి పొద్దున చాయ్ గ్లాసు చేతికిస్తూ అంది:

"రాత్రి మీ గురక మాటిమాటికి ఆగుతున్నది. ఆగినప్పుడల్లా నాకు మెలకువ అయితున్నది. చూస్తే మీరు ఊపిరి తీస్తలేరు. నేను అంకెలు లెక్కపెట్టిన. ఇరవై దాటినంక ఉలిక్కిపడి మళ్ళ తీస్తున్నరు."

"గురక ఆగితే సంతోషించాలి గాని..." అని నవ్వబోయాను. ఆవిడ నవ్వలేదు.

ఆవిడ పట్టు పట్టగా పట్టగా కరీంనగరం వెళ్ళి డాక్టరుకు చూపించుకున్నాను. ఒక రాత్రంతా ఒంటికి తీగలు తగిలించి పడుకోబెట్టారు. గంటకు 38 మార్లు నా ఊపిరి ఆగిపోవడమో, సన్నగిల్లడమో జరుగుతోందట. పది సెకండ్లకు తక్కువైతే అసలు లెక్కలోకే తీసుకోరు. గంటకు 30 దాటితే జబ్బు తీవ్రంగా ఉన్నట్టు. యోగులు ఏళ్ళ తరబడి సాధన చేసి పట్టే కుంభకాన్ని నేను ఏ గురువూ లేకుండా, నిద్రలో, గంటకు 38 సార్లు పడుతున్నానన్న మాట. కుంభకర్ణుడనే పేరుకు తెలుగు లెక్చరరుగా నేనొక కొత్త వ్యుత్పత్తి చెప్పవచ్చునేమో!

హాస్యానికేం గాని, సంగతి హాస్యం కాదు. నిద్రలో గొంతు కండరాలు సడలి గాలి దారి మూసుకుపోతుంది. నెత్తుటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. మెదడు బెదిరి మనిషిని సగం లేపుతుంది. దారి తెరుచుకుంటుంది, మళ్ళీ నిద్ర, మళ్ళీ మూత. తెల్లవార్లూ ఇదే తంతు. ఎనిమిది గంటలు పడుకున్నా నిద్రపోయినట్టుండదు. రక్తపోటు పెరుగుతుంది, గుండెకు చేటు, పగలు కునికిపాట్లు. పద్యం చెబుతూ చెబుతూ తరగతిలో నేనే కునికిన సందర్భాలు ఉన్నాయి. పిల్లలు దాన్ని రసానుభూతి అనుకున్నారు కాబోలు.

దీనికి మందు ఒక యంత్రం. ఆస్ట్రేలియాలో సిడ్నీ నగరపు వైద్యుడు కాలిన్ సలివాన్ 1980లో మొదటిసారి ఒక రోగి మీద ప్రయోగించి, 1981లో లోకానికి వెల్లడించాడు. అంతకుముందు జబ్బు ముదిరినవారికి గొంతు కోసి రంధ్రం పెట్టేవారు. ఆయన దుమ్ము పీల్చే యంత్రంలోని మోటారు వంటిదాన్ని తీసుకుని, గాలిని పీల్చడానికి బదులు ముక్కులోకి ఊదేటట్టు అమర్చాడు. ఆ గాలి ఒత్తిడి గొంతును మూసుకోనివ్వదు. అంతే కిటుకు. ముక్కుకు తొడుగు, దానికొక గొట్టం, గొట్టం చివర పెట్టె. మొదటి రాత్రి తగిలించుకుని అద్దంలో చూసుకుంటే ఏనుగు పిల్లలా ఉన్నాను. కాని తెల్లవారి లేచేసరికి పదేళ్ళ బరువు దిగినట్టయింది.

ఇంతవరకు బాగానే ఉంది. చిక్కు ప్రయాణాలతో వచ్చింది.

ఆ యంత్రం తన కడుపులో రోజువారీ లెక్క దాచుకుంటుంది. ఆ మధ్య డాక్టరుగారు ఆ లెక్క చూసి, "దసరాకు మూడు రాత్రులు లేవు, వైశాఖంలో అయిదు లేవు, పేపర్లు దిద్దిన వారం మొత్తం లేదు. మీ గొంతు పెళ్ళిళ్ళకు సెలవు పెడుతుందా, మాస్టారూ?" అన్నారు. తలవంచుకున్నాను. యంత్రం మానేస్తే జబ్బు ఒకటి రెండు రాత్రుల్లోనే తిరిగి వస్తుందని ఆయన చెప్పడం నేను చాలాసార్లు విన్నదే. కాని పెళ్ళివారింట్లో, పదిమంది వరసగా పడుకున్న హాల్లో, ముక్కుకు గొట్టం తగిలించుకోవడమా?

మొన్న మార్గశిరంలో కోరుట్లలో మా మేనకోడలి పెళ్ళి. ఎప్పటిలాగే యంత్రం ఇంట్లో వదిలేశాను. రెండు రాత్రులు. మూడోనాటి పొద్దున అక్కకు సాయంగా మా ఆవిడ ఆగిపోయింది. వెనక సీట్లో అమ్మనూ మా చిన్నదాన్నీ కూర్చోబెట్టుకుని కారులో బయలుదేరాను. కోరుట్లనుంచి జగిత్యాలకు పాతిక కిలోమీటర్లు, మంచి రోడ్డు. ఆ ప్రయాణంలో కొంత భాగం నాకు ఇప్పటికీ గుర్తు లేదు. "డాడీ!" అన్న కేక మాత్రం గుర్తుంది. కళ్ళు తెరిచేసరికి ఎడమ చక్రాలు రోడ్డు దిగాయి, ఎదురుగా పసుపు చేను. బ్రేకు తొక్కాను. ఎవరికీ ఏమీ కాలేదు. ఎదుటినుంచి లారీ రాలేదు గనుక కాలేదు.

ఇంటికి చేరాక అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అంది:

"మీ బాపు గురక గూడ గట్లనే ఆగేది, బిడ్డా. ఆగంగనే అమ్మయ్య అనుకునేదాన్ని. ఇగ నాకింత నిద్ర పడ్తదని అటు మల్లి పండుకునేదాన్ని."

బాపు యాభై మూడో ఏట నిద్రలోనే పోయాడు. పుణ్యాత్ముడు, ఎవరిచేతా చేయించుకోకుండా సుఖంగా పోయాడన్నారు ఊరివాళ్ళు. ఆ గురకకూ ఆ చావుకూ సంబంధం ఉన్నదో లేదో ఇప్పుడు చెప్పగలవారు లేరు. అటువంటి పరీక్ష ఒకటుందని మా పల్లెలో ఆనాడు విన్నవారూ లేరు. కాని అమ్మ ఆ మాట అన్నప్పటినుంచి, ఆ నిశ్శబ్దంలో ఆమె అటు మళ్ళి పడుకోవడం నాకు కనబడుతూనే ఉంది. ఆమె తప్పేముంది? నిశ్శబ్దం మంచిదనే గదా అందరం అనుకుంటాము.

సరే, ఇహ ఆలస్యం చేయరాదని, ప్రయాణాలకు పనికివచ్చే చిన్న యంత్రం కొందామని నిశ్చయించాను. సలివాన్ కనిపెట్టినదాన్ని అమ్మకానికి తేవడం కోసమే 1989లో పుట్టిన రెస్‌మెడ్ కంపెనీ 2017లో అటువంటిది ఒకటి విడుదల చేసింది. బరువు సుమారు 300 గ్రాములు, అరచేతిలో ఇముడుతుంది. ఇంట్లో ఉన్న పెద్దది కిలోకు పైమాట. చిత్రమేమంటే, పరిమాణం చిన్నదయ్యేకొద్దీ వెల పెద్దదవుతుంది. నేను ఆరా తీసిన దుకాణంలో పెద్దదానికంటె చిన్నదే ప్రియం. పైగా దానికి ఏ తొడుగు పడితే ఆ తొడుగు సరిపడదు. అది ఒప్పుకున్నవే కొనాలి. గాలిని తేమ చేయడానికి నీళ్ళ తొట్టి ఉండదు. చిన్న బిళ్ళ ఉంటుంది, దాన్ని మార్చుతూ ఉండాలి. ఒక స్నేహితుడు, "ఎవరో వాడి వదిలేసిన పాతది చవగ్గా వస్తుంది, తీసుకో" అన్నాడు. 2021 జూన్‌లో ఫిలిప్స్ కంపెనీ లోపలి నురుగు పొడిపొడిగా రాలుతోందని ఇటువంటి యంత్రాలను లక్షల సంఖ్యలో వెనక్కి పిలిచిన సంగతి చదివి ఉన్నాను గనుక, చరిత్ర తెలియని పెట్టెను ముక్కుకు తగిలించుకోవడానికి మనసొప్పలేదు.

కాగితం తీసి లెక్క వేశాను. సంవత్సరంలో ఇల్లు విడిచి పడుకునే రాత్రులు ఇరవై, ఇరవై అయిదు. వేసవిలో అమ్మను కాశీ తీసుకువెళతానని మాటిచ్చాను, అదొకటి. మా ఆవిడ ఆ కాగితం చదివి అంది:

"మీకు పెద్ద యంత్రం బరువయితున్నదా?"

"కిలో చిల్లర బరువేమిటి? కాదు."

"సంచిల పడ్తలేదా?"

"పడుతుంది."

"మరి ఏమిటిది?"

సమాధానం చెప్పలేకపోయాను. చెప్పనవసరం లేకుండానే ఆవిడకు తెలుసు. చిన్నదైతే దుప్పటి కింద దాచుకోవచ్చు, అదీ సంగతి. "ఒకసారి ఈ పెద్దదాన్నే మా ఇంటికి తీసుకరండి. ఆ తరువాత కొనేది కొందాం" అని తీర్పు చెప్పింది.

సంక్రాంతికి సిరిసిల్ల వెళ్ళాము. ఇల్లు నిండా చుట్టాలు. అందరూ పడుకున్నారని నిర్ధారణ చేసుకుని, హాల్లో ఒక మూల గోడవైపు తిరిగి, దొంగలా తొడుగు తగిలించుకుని పడుకున్నాను. బయట సాంచాల టకటక. నిద్ర పట్టింది.

అర్ధరాత్రి కరెంటు పోయింది!

సాంచాలు ఆగాయి. నా యంత్రమూ ఆగింది. తొడుగుకు చిల్లులుంటాయి గనుక ప్రాణభయం లేదు గాని, ఉక్కిరిబిక్కిరై లేచి కూర్చున్నాను. కూర్చునేసరికి ఏముంది, చప్పుడు ఆగి ఇంటిల్లిపాదీ లేచి కూర్చుని ఉన్నారు! ఎవరో సెల్లు దీపం వెలిగించారు. ఇరవై కళ్ళు నా తొండం మీద.

మా మామగారు నలభై ఏళ్ళు సాంచాలు నడిపిన మనిషి. లేచివచ్చి పెట్టెను చేత్తో నిమిరి చూశారు.

"ఇది గుడ ఆగిందా, అల్లుడా?"

"ఆగింది, మామయ్యా."

"ఏం నడుపుతది ఇది?"

"ఊపిరి."

ఆయన కాసేపు ఆలోచించారు. "అయితె ఇది ఊపిరి సాంచా" అన్నారు. "సాంచాకు సిగ్గేందుకు? కరెంటు పోతె ఏం జేస్తవో అది చూసుకో."

ఎవరూ నవ్వలేదు. నాలుగేళ్ళుగా నేను దాచుకున్నది ఇంతేనా అనిపించింది.

ఆయన మాట నా లెక్కనే తిరగవేసింది. నాకు కావలసింది చిన్న యంత్రం కాదు, కరెంటు పోయినా నడిపించే బ్యాటరీ. కాశీ ప్రయాణానికీ అదే కావాలి. ఎందుకంటే రైలు బోగీల్లో ఛార్జింగు ప్లగ్గులకు రాత్రి 11 మొదలు తెల్లవారు 5 గంటల దాకా కరెంటు ఆపాలని 2021లో రైల్వేవారు నిర్ణయం తీసుకున్నారు. అంటే నిద్రపోయే గంటల్లోనే ఆ ప్లగ్గును నమ్ముకోరాదు. అరచేతి యంత్రమైనా అక్కడ బ్యాటరీ లేనిదే అలంకారప్రాయమే. నీళ్ళు వేడిచేసే భాగం ఆపివేస్తే బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. విమానం ఎక్కేవారు గుర్తుంచుకోవలసింది ఒకటుంది: లిథియం బ్యాటరీని పెట్టెలో పడేసి సామానులో పంపకూడదు, చేతిసంచిలోనే ఉండాలి. 100 వాట్ అవర్లు దాటితే విమానం కంపెనీవారి అనుమతి కావాలి.

చిన్న యంత్రం వృథా అని నేననను. కోరుట్లనుంచి దుబాయికీ మస్కట్టుకూ వస్తూ పోతూ ఉండేవారికి, నెలకు పది రాత్రులు హోటళ్ళలో గడిపేవారికి అది నిజంగా వరం. పెద్దది మోయలేక వదిలివేసేవారు కొనవలసిందే. నేను మాత్రం బరువు మోయలేక వదలలేదు, సిగ్గు మోయలేక వదిలాను. ఆ బరువుకు వేలు పోసి యంత్రం కొనడం దండగ. బ్యాటరీ ఒకటి కొన్నాను. పెద్ద యంత్రానికి మా ఆవిడ సిరిసిల్ల గుడ్డతోనే ఒక సంచి కుట్టింది.

అన్నట్టు, ఆ మరునాటి పొద్దున సిరిసిల్లలో జరిగింది చెప్పనే లేదు. చాయ్ తాగుతూ ఉండగా అత్తమ్మ తలుపు చాటునుంచి, "అల్లుడా, మీ మామయ్యకు గుడ రాత్రిళ్ళు గురక ఆగుతది. నాకు మెలకువ అయితనే ఉంటది. ముసలితనం గదా అని ఊకున్న" అంది.

మామగారు గోడవైపు చూస్తూ కూర్చున్నారు. నిన్న రాత్రి నేను చూసిన గోడ అదే. కాసేపటికి గొంతు సవరించుకుని, "ఆ పరీక్ష యాడ చేస్తరు?" అని అడిగారు.

చీటీ మీద డాక్టరుగారి పేరు వ్రాసి ఇచ్చాను. వచ్చే సోమవారం ఆయన్ని కరీంనగరం నేనే తీసుకువెళుతున్నాను.