బుక్కపట్నంలో గవాక్షి

బుక్కరాయల పేరు మోసే బుక్కపట్నానికి వెళ్ళినవారు ముందు చెరువు చూస్తారు. నేనూ చూశాను. అయితే నన్ను సాయంత్రందాకా కూర్చోబెట్టింది చెరువు కాదు, మిత్రుడి పాత మట్టిమిద్దె.

మందపాటి గోడలు, కిటికీలు లేవనే చెప్పాలి. వంటింటి నడినెత్తిన ఒక గవాక్షి. దాని కిందనే మిత్రుడి తల్లిగారు బియ్యంలో రాళ్ళేరుతున్నారు. మిద్దె తీసేసి రెండంతస్తులు కట్టాలని ప్లాను. వంటింటిమీద పడకగది వస్తుంది. గవాక్షి పోతుంది.

"కింద వెలుతురు సాలుతుందా నాయనా?" అన్నారావిడ.

ఇంజనీరింగు చదివిన మనుమడు కంప్యూటరు తెరిచాడు. ప్లానును తెరమీద బొమ్మ ఇల్లుగా నిలబెట్టి, కిటికీ కొలత, గోడల రంగు, ఎదురింటి ఎత్తు అన్నీ ఎక్కించాడు. లెక్కకట్టేది రేడియన్స్ అనే ప్రోగ్రాము. అమెరికాలోని బర్క్‌లీ ప్రయోగశాలలో గ్రెగ్ వార్డ్ 1980లలో మొదలుపెట్టినది. కొలబద్ద మాత్రం మనదే, ఐ.ఎస్. 2440. సూర్యుడు దిగంతానికి 15 డిగ్రీల పైనున్నప్పుడు ఆరుబయట 8000 లక్సుల వెలుగని పెట్టుకుంటారు. నేరుటెండ లెక్కలోకి రాదు. వంటింటికి అందులో నూటికి రెండున్నర వంతులు, అంటే 200 లక్సులు అందాలి.

తెరమీద కిటికీ దగ్గర పసుపు, పొయ్యి దగ్గర ముదురు నీలం! ఎదురిల్లు ఆకాశాన్ని మింగేసింది. కిటికీని పెంచినా నీలం కొంచెమే జరిగింది. చివరికి కుర్రవాడు వంటింటిమీది గదిని కొట్టేసి, కప్పుకు గవాక్షి పెట్టాడు. పొయ్యి పసుపైంది.

"ఏప్రిల్ ఆఖరున, ఆగస్టు నడుమ ఇక్కడ సూర్యుడు సరిగ్గా నెత్తిమీదికొస్తాడు, అవ్వా! ఎండ నేరుగా దిగుతుంది."

"బండ మూస్తాంలే," అన్నారావిడ, చేట వదలకుండానే.

పోయింది మిత్రుడి పడకగది. ఆయన ఇంకా ఒప్పుకోలేదు. ప్లాను మాత్రం మళ్ళీ గీయమన్నాడు.