మార్టేరు మళ్లలో విశ్వవిద్యాలయం

ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ప్రధాన కార్యాలయం గుంటూరు సమీపంలోని లాంలో ఉన్నప్పటికీ, ఆ విశ్వవిద్యాలయానికి దేశమంతటా పేరు తెచ్చిన పరిశోధనలో అధిక భాగం దూర దూరంగా, డెల్టా మళ్లలోను, రాయలసీమ నల్లరేగళ్లలోను, మన్యం కొండల మీద ఉన్న పరిశోధన స్థానాలలోను జరిగింది. వర్షపాతం, నేల స్వభావం, నీటి వసతి అనే మూడింటినీ బట్టి రాష్ట్రాన్ని మండలాలుగా విభజించి, ప్రతి మండలం బాధ్యతను ఒక ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానానికి అప్పగించడం ఈ వ్యవస్థకు ఆధారం. కృష్ణా మండలానికి లాం, గోదావరి మండలానికి మార్టేరు, ఉత్తర కోస్తాకు అనకాపల్లి, దక్షిణ మండలానికి తిరుపతి, అల్ప వర్షపాత మండలానికి నంద్యాల, ఎత్తైన గిరిజన ప్రాంతానికి చింతపల్లి కేంద్రాలయ్యాయి. విశ్వవిద్యాలయం ఏర్పడింది 1964లో కాగా, నంద్యాల స్థానం 1906లోను, అనకాపల్లి స్థానం 1913లోను, మార్టేరు స్థానం 1925లోను మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలోనే పుట్టాయి. అందువల్ల ఇక్కడ విశ్వవిద్యాలయం పరిశోధన కేంద్రాలను కన్నదనడం కంటే, వేళ్లూనుకుని ఉన్న కేంద్రాలను విశ్వవిద్యాలయం తన గొడుగు కిందికి తెచ్చుకున్నదనడం సరైన మాట.

వీటిలో మార్టేరును కాస్త నిలిచి చూడాలి. పశ్చిమ గోదావరి జిల్లా పెనుమంట్ర మండలంలోని ఈ ఊరు చుట్టూ ఏడాదికి రెండు వరి పంటలు పండే డెల్టా భూములు ఉన్నాయి. వానాకాలపు పంటను సార్వా అని, వేసవికి కోతకు వచ్చే రెండవ పంటను దాళ్వా అని ఇక్కడి రైతులు అంటారు. సార్వా చేను నాటిన కొత్తలో ముంపునకు గురవుతుంది, కోతకు వచ్చే వేళకు తుపానులు వస్తాయి, పడిపోయిన చేలో నీళ్లు నిలిస్తే గింజ వెన్నులోనే మొలకెత్తుతుంది. దాళ్వాలో కాలువ నీరు ఆగిపోయేలోగా పంట ముగియాలి కాబట్టి తక్కువ కాలపు రకం కావాలి. మార్టేరు శాస్త్రవేత్తల ముందున్న ప్రశ్నలన్నీ ఈ చుట్టుపక్కల మళ్ల నుంచి వచ్చినవే. చేలోని బురద, నీరు, పురుగు ఇక్కడ ప్రయోగశాల పరికరాలంత ముఖ్యమైనవని, స్థానంలోని ప్రయోగ క్షేత్రాల మధ్య గట్ల మీద నడిచే సందర్శకులకు కొద్దిసేపటిలోనే బోధపడుతుంది.

కొత్త వంగడం సంకరంతో మొదలవుతుంది. వరి స్వపరాగ సంపర్కపు మొక్క, అనగా ఒకే పువ్వులోని పుప్పొడి అదే పువ్వులోని కీలాగ్రానికి చేరి గింజ కడుతుంది. కనుక రెండు రకాలను కలపదలచినప్పుడు, తల్లిగా ఎంచుకున్న మొక్క పువ్వు విచ్చుకోకముందే దాని ఊక కొసను కత్తిరించి, లోపలి ఆరు కేసరాలను సన్నని పట్టకారుతో తీసివేసి, వెన్నుకు కాగితపు సంచి తొడుగుతారు. మరునాడు ఉదయం పది గంటల నుంచి మధ్యాహ్నం లోపు, తండ్రి రకం పువ్వులు విచ్చుకున్న వేళ, ఆ పుప్పొడిని దీనిపై రాలుస్తారు. పుప్పొడి కొద్ది నిమిషాలకే సత్తువ కోల్పోతుంది గనుక చేతివాటం, వేళ రెండూ తప్పకూడదు. ఇంత శ్రమకు దొరికేవి కొన్ని గింజలే. వాటి నుంచి వచ్చిన రెండవ తరంలో తల్లి, తండ్రి గుణాలు విడివడి వేలాది మొక్కలు వేలాది తీరులుగా కనిపిస్తాయి. వాటిలో పనికివచ్చే వాటిని ఏరుతూ, ఆరేడు తరాలపాటు విత్తుతూ పోతేనే గుణాలు స్థిరపడతాయి. ఆ తరువాత స్థానంలోని పోటీ పరీక్షలు, ఇతర కేంద్రాలలో పరీక్షలు, రైతుల పొలాలలో కొద్దిపాటి విత్తనంతో చేసే చిరుసంచుల ప్రదర్శనలు ఉంటాయి. ఈ వరుస ముగియడానికి పదేళ్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి పడుతుంది. సంకరం చేసిన వ్యక్తి పదవీ విరమణ చేసిన తరువాత ఆ రకం రైతుకు చేరడం ఇలాంటి పనిలో అసాధారణం కాదు; కనుక శాస్త్రవేత్త ప్రతిభతో సమానంగా, ఒకరు వదిలిన వరుసను మరొకరు అందుకునే సంస్థ నిలకడను కూడా లెక్కించాలి.

డెల్టాకు 1970ల నుంచి వదలని బెడదగా మారిన సుడిదోమ విషయంలో ఈ నిలకడ విలువ స్పష్టమవుతుంది. దుబ్బుల మొదళ్లలో గుంపులుగా చేరి రసం పీల్చే ఈ దోమ వల్ల చేను వలయాలుగా ఎండిపోతుంది. దీనినే రైతులు దోమపోటు అంటారు. తట్టుకునే రకాలను గుర్తించడానికి ట్రేలలో వరుసలుగా నారు పెంచి, పక్కనే దోమకు త్వరగా లొంగే తైచుంగ్ నేటివ్ 1 రకాన్ని కొలమానంగా ఉంచి, దోమ పిల్లలను వదులుతారు; ఆ కొలమానపు నారు మాడిపోయిన వేళకు మిగిలిన వరుసలు ఏ స్థితిలో ఉన్నాయో చూసి సున్న నుంచి 9 వరకు అంకెలు వేస్తారు. పచ్చగా నిలిచిన వరుసలే తరువాతి సంకరాలకు తల్లిదండ్రులవుతాయి. దోమను తట్టుకునే కృష్ణవేణి రకాన్ని ఐఆర్ 64తో కలపగా వచ్చినదే 2000లో విడుదలైన ఎంటీయూ 1010, అంటే కాటన్ దొర సన్నాలు. నాలుగు నెలలలో చేతికొచ్చే ఈ రకం గోదావరిపై ఆనకట్ట కట్టిన ఇంజనీరు పేరును మోస్తూ డెల్టా ఎల్లలు దాటింది.

అయినా మార్టేరు పేరును అందరికంటే దూరం తీసుకెళ్లినది 1982 నాటి ఎంటీయూ 7029, స్వర్ణ. వశిష్ఠ, మసూరి రకాల సంకరమైన ఇది తక్కువ నత్రజనితోనూ మంచి దిగుబడి ఇచ్చి, ఒడిశా, పశ్చిమ బెంగాల్, ఛత్తీస్‌గఢ్, బిహార్ రైతుల అభిమాన రకమైంది. సరిహద్దు దాటి బంగ్లాదేశ్ పొలాలకూ చేరింది. దీనికి తండ్రి అయిన మసూరి కథ కూడా తెలుసుకోదగినది: తైవాన్‌కు చెందిన తైచుంగ్ 65ను, మలయా రకమైన మయాంగ్ ఎబోస్ 80ని కలిపిన ఆ సంకరం, కటక్‌లో నడిచిన అంతర్జాతీయ పథకంలో మొదలై, 1965లో మలేషియాలో విడుదలై, తిరిగి భారతదేశానికి వచ్చింది. స్వర్ణ వెళ్లిన చోటల్లా ముంపు సమస్య ఎదురుకాగా, ఒడిశా దేశవాళీ వరి నుంచి ఎంపిక చేసిన ఎఫ్‌ఆర్ 13ఏలోని సబ్1 అనే జన్యువును అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు స్వర్ణలోకి చేర్చారు. మునిగిన మొక్క పైకి సాగి శక్తిని వృథా చేసుకోకుండా ఆ జన్యువు ఆపుతుంది. అందువల్ల 2009లో మన దేశంలో విడుదలైన స్వర్ణ సబ్1 సుమారు రెండు వారాల ముంపును తట్టుకుని మళ్లీ చిగురిస్తుంది. ఒక ఊరి అవసరానికి పుట్టిన రకం పలు దేశాల విజ్ఞానాన్ని ఇముడ్చుకోగలదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

బాపట్ల కేంద్రం ఇదే మసూరి నుంచి మరొక దారి తీసింది. జీఈబీ 24, తైచుంగ్ నేటివ్ 1, మసూరి అనే మూడింటి కలయికతో 1986లో వచ్చిన బీపీటీ 5204, సాంబ మసూరి, సన్నబియ్యం అనగానే తెలుగువారు తలచుకునే రుచిని స్థిరపరచింది. ఇక్కడ లక్ష్యం దిగుబడి ఒక్కటే కాదు, గింజ సన్నదనం, వండిన అన్నం మెత్తదనం కూడా. అయితే ఆకులు కొసల నుంచి ఎండిపోయే బాక్టీరియా ఎండాకు తెగులుకు ఈ రకం సులభంగా లొంగుతుంది. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం, వరి పరిశోధన సంచాలక కార్యాలయం కలిసి, ఆఫ్రికా అడవి వరి నుంచి తెచ్చిన ఎక్స్‌ఏ 21 సహా మూడు నిరోధక జన్యువులను ఇందులో చేర్చి, 2008లో మెరుగైన సాంబ మసూరిని విడుదల చేయించాయి. తెగులుకు మందులేని చోట జన్యువే మందుగా పని చేసింది.

లాంలో అపరాల పరిశోధన ఈ వరి చేలకే అనుబంధమని చెప్పవచ్చు: సార్వా కోతకు రెండు మూడు రోజుల ముందు నిలిచిన చేలోనే మినుము చల్లి, మిగిలిన తేమతో పండించే డెల్టా పద్ధతికి సరిపడే ఎల్‌బీజీ రకాలు ఇక్కడివే. తెల్లదోమ వ్యాపింపజేసే పల్లాకు తెగులు ఇప్పటికీ ఈ పంటకు పెద్ద శత్రువు. వరి చేలకు వెలుపల చూస్తే, అనకాపల్లి చెరకుకు, బెల్లానికి ప్రత్యేక కేంద్రం.

మార్టేరులో కొత్త రకాల మళ్లకు దూరంగా, ఎవరి దృష్టినీ అంతగా ఆకర్షించని మరొక పని ఏటేటా జరుగుతుంది. విడుదలైన ప్రతి రకానికి స్వచ్ఛమైన మూల విత్తనాన్ని నిలబెట్టడానికి, ఎంపిక చేసిన వెన్నులలో ఒక్కొక్క దాని గింజలను ఒక్కొక్క వరుసగా నాటి, ఎత్తులోనో, ఆకు రంగులోనో, పూత వేళలోనో తేడా కనిపించిన వరుసను మొత్తంగా పీకివేస్తారు. రైతులు కేళీలు అనే ఈ తేడా మొక్కలను ఒక్కసారి వదిలితే కొన్నేళ్లకు రకం రూపే మారిపోతుంది. నిలిచిన వరుసల విత్తనం నుంచి పసుపు ట్యాగుతో బ్రీడరు విత్తనం, దాని నుంచి తెల్ల ట్యాగుతో ఫౌండేషన్ విత్తనం, చివరకు నీలి ట్యాగుతో రైతు కొనే సర్టిఫైడు విత్తనం తయారవుతాయి. స్వర్ణ విడుదలై నలభై ఏళ్లు దాటినా, ఈ వరుసలను నాటడం, కేళీలను ఏరడం ఇంకా కొనసాగుతున్నాయి.