పెట్యాలు తిరిగిన సముద్రం

మా నడిగూడెం నుంచి సముద్రం చాలా దూరం. మాకు తెలిసిన నీళ్లంటే చెరువు నీళ్లు, నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లు. ఊరి పేరు చెబితే చదువుకున్నవాళ్లకు గుర్తొచ్చేది కోట. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో కృష్ణా జిల్లా కింద మునగాల పరగణా. ఆ పరగణా రాజా నాయని వెంకటరంగారావు, ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం నెలకొల్పినవాళ్లలో ముఖ్యులు. పింగళి వెంకయ్య కొన్నేళ్లు రాజావారి ఆదరణలో ఇక్కడ ఉండి పత్తి సాగు మీద పరిశోధన చేశాడు. ఆయన తయారుచేసిన జాతీయ జెండా మన కోటలోనే రూపుకట్టిందని ఊరి పెద్దలు గట్టిగా చెప్పేవాళ్లు.

అలాంటి ఊళ్లో యుద్ధనౌక గురించి మాట్లాడే మనిషి మా చిన్నమామ ఒక్కడే. అమ్మకు తమ్ముడు. కుర్రతనంలోనే విశాఖపట్నం వెళ్లి నేవీలో చేరాడు. ఆయన ఓడను అందరూ పెట్యా అనేవాళ్లు. సెలవు మీద వచ్చినప్పుడు అరుగు మీద కూర్చుంటే చుట్టూ పదిమంది చేరేవాళ్లు. ఓడ వెనక ఎగిరే జెండా ఎలా ఉంటుందని మొదట అడిగేది ఎప్పుడూ ఒక పెద్దాయనే. తెల్లగుడ్డ మీద ఎర్రటి అడ్డగీత, నిలువుగీత, పై మూలన మన మూడు రంగులు అని మామయ్య చెప్పేవాడు. మూలన ఎందుకు పెట్టారు, మొత్తం మనదే ఎందుకు పెట్టలేదు అని పెద్దాయన నొచ్చుకునేవాడు. పింగళి వెంకయ్య తిరిగిన ఊళ్లో ఆ ప్రశ్న రావడం సహజం. ఆ ఎర్ర సిలువ గీత నౌకాదళం జెండా నుంచి పూర్తిగా పోయింది 2022లో. అడిగినవాళ్లు ఎవరూ అప్పటికి లేరు.

పెట్యాలు మొత్తం పది. 1968 నుంచి 1974 దాకా సోవియట్ దేశం నుంచి వచ్చాయి. కమోర్టా, కద్మత్, కిల్తాన్, కవరత్తి, కచ్చల్, అర్నాలా, ఆండ్రోత్, అంజదీవ్, అండమాన్, అమిని. అన్నీ దీవుల పేర్లే. లక్షద్వీప్‌లోవి కొన్ని, నికోబార్ వైపువి కొన్ని, పడమటి తీరంలోవి రెండు. నేను భూగోళం పుస్తకంలో చదవకముందే ఈ పేర్లు మామయ్య నోట విన్నాను. తూర్పు నౌకాదళ కమాండ్ 1968 మార్చిలో ఏర్పడింది. విశాఖలో సోవియట్ సాయంతో కొత్త డాక్‌యార్డు లేస్తున్న రోజులవి. పెట్యాలకూ సబ్‌మెరైన్లకూ అదే ఇల్లు.

చిన్న ఓడలు. పొడవు 82 మీటర్ల దగ్గర, వెడల్పు 9 మీటర్లు, బరువు వెయ్యి టన్నులకు కాస్త అటూ ఇటూ. వాటి పని తీరానికి దగ్గరలో తిరుగుతూ నీటి కింద దాక్కున్న శత్రువును వెతకడం. ఆయుధాలన్నీ ఆ పనికి తగ్గట్టే ఉండేవి. ముందొకటి, వెనకొకటి టర్రెట్లు, ఒక్కోదానిలో రెండేసి 76 మిల్లీమీటర్ల గొట్టాలు. ఒక్కో గొట్టం నిమిషానికి 90 గుండ్ల దాకా పేల్చగలదు. సోవియట్ వాళ్లు తమకోసం కట్టుకున్న తొలి పెట్యాల మీద 400 మిల్లీమీటర్ల సన్న టార్పిడో గొట్టాలు ఐదు ఉండేవి. మనకు మార్చి ఇచ్చిన రకంలో వాటికి బదులు 533 మిల్లీమీటర్ల పెద్ద గొట్టాలు మూడు ఒక వరసలో అమర్చారు. వెనక డెప్త్ చార్జీలు, మందుపాతరలు జారవిడిచే పట్టాలు. వీటన్నిటికన్నా మామయ్య ఎక్కువగా చెప్పింది రాకెట్ లాంచర్ల గురించి. నాలుగు లాంచర్లు, ఒక్కోదానికి పదహారు గొట్టాలు. నీటి కింద శబ్దంతో వెతికే సోనార్ చెప్పిన చోటికి రాకెట్లన్నీ గాల్లోకి లేచి, రెండున్నర కిలోమీటర్ల దాకా వెళ్లి, నీళ్ల మీద గుండ్రంగా పడి మునిగి, అనుకున్న లోతులో పేలతాయి. తర్వాతి తరం ఓడల్లో రాకెట్లు వాటంతట అవే లాంచర్లోకి ఎక్కుతాయి. పెట్యా మీద మాత్రం మనుషులే మోసి ఒక్కొక్కటిగా దూర్చాలి. ఓడ ఊగుతుండగా, అలలు డెక్ మీదికి కొడుతుండగా, అరవై నాలుగు గొట్టాలు మళ్లీ నింపాలి. అందుకే ఆ పని చేసే కుర్రాళ్లంటే ఆయనకు అంత గౌరవం.

ఆయనది మాత్రం ఇంజిన్ గది. మూడు షాఫ్టులు. నడిమి దానికి ఆరు వేల గుర్రాల డీజిల్, అటూ ఇటూ పదిహేను వేలేసి గుర్రాల గ్యాస్ టర్బైన్లు. మన నౌకాదళం గ్యాస్ టర్బైన్ల సంగతి నేర్చుకున్నది ఈ ఓడల మీదే. మామూలుగా డీజిల్ మీద నింపాదిగా తిరిగేవి. పరుగు కావాలంటే టర్బైన్లు వేసి ముప్పై నాట్ల దాకా లాగేవి. "ఒరేయ్, టర్బైన్ అందుకుంటే పాదాల కింద ఇనుము మొత్తం బిగుసుకున్నట్టు అవుతుందిరా" అనేవాడు. ఆ మాట చెప్పేటప్పుడు కాళ్లు నేలకు ఆనించి చూపించేవాడు. చలి సముద్రాల కోసం గీసిన ఓడలు కావడంతో మే నెల బంగాళాఖాతంలో ఆ గదిలో వాచ్ అంటే నరకమని కూడా చెప్పాడు. మా ఊరి ఎండలు ఆయనకు ఎప్పుడూ లెక్కలేదు.

1971 డిసెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చినప్పుడు ఆయన కమోర్టా మీద ఉన్నాడు. విమానవాహక నౌక విక్రాంత్‌కు ఒక బాయిలర్ దెబ్బతిని వేగం తగ్గిపోయింది. అంత పెద్ద ఓడ అలా మెల్లగా వెళ్తుంటే సబ్‌మెరైన్‌కు సులువుగా దొరుకుతుంది. దాన్ని అండమాన్ల వైపు దాచి, తర్వాత దాని మీది నుంచి చిట్టగాంగ్, కాక్స్ బజార్ మీదికి విమానాలు పంపారు. దాని పక్కనే బ్రహ్మపుత్ర, బియాస్, కమోర్టా, కవరత్తి కాపలా తిరిగాయి. విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ ముంగిట్లోనే మునిగిపోయింది. అది మన యుద్ధనౌక రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల వల్లేనని మన నౌకాదళం చెబుతుంది, లోపలే పేలుడు జరిగిందని పాకిస్తాన్ అంటుంది. ఆ మర్నాడు రాత్రి పడమట కరాచీ మీద మన మిస్సైల్ బోట్లు దాడి చేసినప్పుడు వాటి వెంట వెళ్లినవి కిల్తాన్, కచ్చల్. బోట్లకన్నా పెట్యాల రాడార్ మెరుగు కాబట్టి దారి చూపింది ఇవే. కిల్తాన్‌ను నడిపిన కమాండర్ గోపాలరావుకు మహావీర చక్ర వచ్చింది. ఏటా డిసెంబరు 4న జరిపే నౌకాదళ దినోత్సవం ఆ రాత్రి పేరు మీదే.

కమోర్టా ఆ యుద్ధంలో ఏం ముంచిందని ఊళ్లో అడిగితే మామయ్య ఏమీ లేదనేవాడు. విన్నాం, తిరిగాం, మళ్లీ విన్నాం అనేవాడు. వినేవాళ్లకు అది నచ్చేది కాదు. నాకు కూడా చిన్నప్పుడు నచ్చలేదు. గస్తీ ఓడ పని సరిగ్గా జరిగితే చెప్పుకోవడానికి ఏమీ జరగదు. విక్రాంత్ క్షేమంగా తిరిగొచ్చింది, అదే ఆ ఓడల లెక్క. ఆ వినడం కూడా సులువు కాదు. గంగ, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చిపోసే మంచినీళ్లు బంగాళాఖాతంలో ఉప్పునీటి మీద పొరగా నిలబడతాయి. పై నీళ్లు వెచ్చన, అడుగు నీళ్లు చల్లన. ఆ పొరల దగ్గర సోనార్ శబ్దం వంగిపోతుంది. వాటి కిందికి దిగిన సబ్‌మెరైన్ ఉన్నా లేనట్టే. మన కృష్ణ నీళ్లు అక్కడిదాకా వెళ్లి మా చెవులు మూస్తున్నాయని ఆయన చెప్పిన రోజు నేను కాలువ గట్టు మీద నిలబడి చాలాసేపు నీళ్లకేసి చూశాను.

తర్వాత ఆయన అంజదీవ్ మీదికి మారాడు. అప్పటికే పెట్యాలు పాతబడ్డాయి. గాల్లోంచి వచ్చే మిస్సైళ్లను ఆపేందుకు వాటి దగ్గర ఏమీ లేదు. ఎనభైల నడుమ నుంచి ఒక్కొక్కటీ సర్వీసు నుంచి తప్పుకుంటూ వచ్చాయి. 1990 ఆగస్టులో అండమాన్ బంగాళాఖాతంలో మునిగిపోయింది, నావికులు చనిపోయారు. మామయ్య అప్పటికి రిటైరై నడిగూడెంలోనే ఉన్నాడు. పేపర్లో ఆ వార్త చదివి, మడిచి, కొన్నాళ్లపాటు ఓడల ఊసే ఎత్తలేదు. అండమాన్ మీద పనిచేసినవాళ్లలో ఆయనతో కలిసి చేసినవాళ్లు ఉన్నారని అత్తయ్య చెప్పింది. చివరి పెట్యాలు 2000 దాటాక కొన్నేళ్లలోనే వెళ్లిపోయాయి.

విశాఖ బీచ్ రోడ్డులో ఇప్పుడు కుర్సురా సబ్‌మెరైన్ ఉంది. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో రిటైరై, 2002లో మ్యూజియం అయింది. దాని ఎదురుగా టీయూ-142 విమానం కూడా పెట్టారు. పిల్లలు వరసకట్టి చూస్తున్నారు, చూడాల్సినవే. కానీ దాక్కునే ఓడను చూసి బయటికొచ్చిన పిల్లవాడికి దాన్ని పైనుంచి వెతికే ఓడ ఎలా ఉండేదో చూపించేది అక్కడ లేదు. పది పెట్యాల్లో ఒక్కదాన్నయినా కుర్సురా పక్కకు చేర్చి ఉండాల్సింది. ఆ లాంచర్ ముందు నిలబడి, పదహారు గొట్టాలకు చేత్తో రాకెట్లు ఎక్కించేవాళ్లని చదివితే ఆ పిల్లవాడికి యుద్ధం మనుషుల పనేనని తెలిసేది.

పేర్లు మాత్రం తిరిగొచ్చాయి. 2014 నుంచి 2020 మధ్య కమోర్టా, కద్మత్, కిల్తాన్, కవరత్తి అనే నాలుగు కొత్త కార్వెట్లు విశాఖలోనే నౌకాదళంలో చేరాయి. 2025 జూన్ 18న అదే డాక్‌యార్డులో కొత్త అర్నాలా చేరింది. తీరం దగ్గరి లోతు తక్కువ నీళ్లలో సబ్‌మెరైన్లను వేటాడే ఓడ, అంటే అచ్చం పాత పెట్యా పనే. పొడవు 77 మీటర్లు, 30 మిల్లీమీటర్ల గన్ను, తేలికపాటి టార్పిడోలు, రాకెట్లు. గ్యాస్ టర్బైన్లు లేవు. డీజిల్ ఇంజిన్లే, ప్రొపెల్లర్లకు బదులు నీళ్లను వెనక్కి చిమ్మే వాటర్‌జెట్లు. మామయ్య ఉంటే ముందు ఇంజిన్ సంగతే అడిగేవాడు, ఆ తర్వాత రాకెట్లు ఎవరు ఎక్కిస్తారని.