అనుమానపు నేస్తం!

ఫిన్లాండ్‌లోని హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయం. 1995వ సంవత్సరం. అక్కడి నెట్‌వర్క్‌లో ఎవరో నక్కి, వైర్ల మీద పోతున్న పాస్‌వర్డ్‌లు చదివేశారు. అదేమంత కష్టం కాదు. దూరంగా ఉన్న కంప్యూటర్‌తో పని చేయించడానికి అప్పట్లో వాడే టెల్‌నెట్, పాస్‌వర్డ్‌ని పోస్టుకార్డు మీద రాసినట్టే పంపేది. ఆ దొంగతనం చూశాక, అక్కడి పరిశోధకుడు తాతు యులోనెన్ ఆ కార్డుని కవర్లో పెట్టి అంటించే పద్ధతి కనిపెట్టాడు. అదే సెక్యూర్ షెల్. పొట్టిగా ఎస్‌ఎస్‌హెచ్.

యాభై సర్వర్లకి ఒకే పని చెప్పాలంటే ఒక్కోదాంట్లోకీ వెళ్లి టైపు చేస్తూ కూర్చోలేరు కదా! చిన్న పైథాన్ స్క్రిప్టు రాస్తారు. అందుకు ఎక్కువమంది తెచ్చుకునే లైబ్రరీ పారామికో. ఎస్పరాంటో అనే భాషలో అనుమానం, స్నేహితుడు అన్న అర్థాలొచ్చే మాటలు కలిపి పెట్టిన పేరది. ‘పిప్ ఇన్‌స్టాల్ పారామికో’ అని కొడితే వచ్చేస్తుంది. అసలు పని ఆ తర్వాతే.

ఊరి నుంచి ఇంటికి ఫోన్ చేస్తాం. అవతల ఎవరో ‘నేనే’ అంటారు. గొంతు తెలిసిందైతేనే బీరువా తాళాలు ఎక్కడున్నాయో చెబుతాం. పారామికో తీరూ అంతే. ప్రతి సర్వర్‌కీ హోస్ట్ కీ అనే గుర్తు ఉంటుంది. తెలిసిన సర్వర్ల గుర్తులు ‘నోన్ హోస్ట్స్’ అనే ఫైల్లో ఉంటాయి. అందులో లేని సర్వర్ ఎదురైతే, మనం వేరే చెప్పనంతవరకూ పారామికో పాస్‌వర్డ్ ఇవ్వకుండానే వెనక్కొచ్చేస్తుంది.

కొత్తవాళ్లకి ఇక్కడే చిరాకు. ‘ఆటో యాడ్ పాలసీ’ అని ఒక్క లైను కలిపితే చాలు, ఎర్రర్ మాయం! కానీ ఆ లైనుకి అర్థం, ముందెన్నడూ వినని గొంతు ఎవరిదైనా మనవాళ్లదేనని నమ్మెయ్యమని. కవరు ఎంత గట్టిగా అంటిస్తే ఏం లాభం, అది చేరేదే దొంగ చేతికైతే?

సరైన దారి అంత దూరమేమీ కాదు. సర్వర్ చూసుకునేవాళ్లకి ఫోన్ చేసి, దాని కీ వేలిముద్ర చదివించుకుని, సరిపోల్చాకే ఫైల్లో చేర్చుకోవాలి. పాస్‌వర్డ్‌ని స్క్రిప్టులో రాయకుండా, జంట కీలు తయారు చేసుకోవాలి. పబ్లిక్ కీ సర్వర్‌లో ఉంటుంది, ప్రైవేట్ కీ మన దగ్గర్నుంచి కదలదు.

ఆ సర్వర్లలో ఉండేది ఎవరి ఆస్పత్రి రిపోర్టులో, ఎవరి పింఛను లెక్కలో. అనుమానం పెనుభూతం అంటారు పెద్దలు. ఇక్కడ మాత్రం అనుమానమే కాపలా!