ఎండిన చోట గరిక

ఇంటి ముందు పచ్చిక పెంచడం పట్టణవాసుల వేడుక అని మన పల్లెలలో ఒక అభిప్రాయం ఉన్నది. అందులో నిజం లేకపోలేదు. తాగునీటికే కటకటలాడిన నల్లగొండ జిల్లాలో గడ్డికి నీరు పోయడం న్యాయమా అని ఎవరైనా ప్రశ్నిస్తే వారిని తప్పు పట్టలేము. భూగర్భ జలంలోని ఫ్లోరైడ్ వలన ఎముకలు వంగిపోయిన మనుషులను చూచిన జిల్లా ఇది. ఆ నీటిని పటికతో, సున్నంతో శుద్ధి చేసే విధానానికి ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరే నిలిచిపోయినది. ఇట్టి చోట పచ్చిక పెంచదలచినవారు ముందుగా నీటి లెక్క చెప్పవలసి ఉంటుంది.

కట్టంగూరులోని మా ఇంటి ముంగిట ఉన్నది గరిక. ఉర్దూలో దీనినే దూబ్ అంటారు. వినాయక చవితి నాడు పొరుగువారు పూజకు కోసుకొని పోయేదీ, అమెరికాలో బెర్ముడా గడ్డి అనే పేరుతో ఆటస్థలాలలో పెంచేదీ ఈ జాతి గడ్డే. రోహిణి కార్తె ఎండలకు గోధుమవన్నె తిరిగినా, కణుపులలో ప్రాణం దాచుకొని, మృగశిరలో నాలుగు చినుకులు పడగానే చిగురిస్తుంది. కనుక ఎండినదంతా చచ్చినది కాదు.

అయితే ఒక సంవత్సరం వానలు పడి ముంగిలి అంతా పచ్చబడినా, మూడు చోట్ల చాపంత మేర నేల బోసిగానే మిగిలినది. యూరియా చల్లమని ఒకరు, పురుగుమందు కొట్టమని ఒకరు సలహా ఇచ్చారు. రోగం తెలియక మందు వేయడం ఎందుకని మేము ముందు నేలను పరీక్షించాము.

మొదటి చోట చెంబెడు నీళ్లు పోస్తే ఎంతకూ ఇంకలేదు. గేటు నుండి వాకిలికి అందరమూ అడ్డంగా నడిచే చోటు అది. కాళ్ల క్రింద నలిగి నలిగి మట్టి రాతివలె బిగిసినది. వేళ్లకు గాలి అందలేదు. రెండవ చోట గడ్డపారతో తవ్వగా జానెడు లోతున ఇటుక ముక్కలు, గట్టిపడిన సిమెంటు పెళ్లలు బయటపడినవి. ఇల్లు కట్టిన నాడు మేస్త్రీలు మాలు కలిపిన చోటు అది. మూడవది వేపచెట్టు క్రింద. గరికకు నిండు ఎండ కావాలి. చిక్కని నీడలో అది నిలువదు.

చూపులకు మూడూ ఒకే విధంగా ఉన్నా కారణాలు వేరు. కనుక చికిత్సలూ వేరు. నడిచేవారిని ఆపడం కష్టం. అందుచేత అక్కడ బండలు పరచి దారి చేసి, ఇరుప్రక్కల నేలను గుల్ల చేశాము. రెండవ చోట రాళ్లూ పెళ్లలూ ఏరివేసి, చెల్క మట్టిలో చెరువు ఒండ్రు, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి నింపాము. చెల్క మట్టి నీటిని నిలుపుకోలేదు, ఒండ్రు నిలుపుతుంది. వేసవిలో చెరువు మట్టిని పొలాలకు తోలుకొనే మన పెద్దల ఆచారానికి 2015లో మొదలైన మిషన్ కాకతీయ మరల ఊపిరి పోసినది.

తొలకరి పడిన పిదప, ప్రక్కనే ఏపుగా ఉన్న గరిక నుండి మూడు నాలుగు కణుపుల తీగలు తీసి, బెత్తెడు ఎడంగా నాటాము. కణుపులు మట్టిలో, కొసలు పైకి ఉండేటట్లు ఉంచి అరచేతితో అదిమాము. మేకలు రాకుండ చుట్టూ కంప వేశాము. కొత్త విత్తనం కొననక్కర లేకపోయినది. బ్రతికి ఉన్న గడ్డియే ప్రక్క గడ్డిని బ్రతికించినది.

మూడవ చోట గడ్డి ఆశ వదలుకొన్నాము. గరిక కొరకు వేపను నరకడం మాకు సమ్మతం కాలేదు. అక్కడ పక్షులకు నీటి మూకుడు పెట్టాము.

ఇక నీటి లెక్క. తీగలు వేరు పట్టేవరకు నేల తడి ఆరకూడదు. వాన రాని రోజులలో వజూ చేసిన నీరు, బియ్యం కడిగిన నీరు చిన్న కాలువ తీసి అటు మళ్లించాము. వాటిలో సబ్బు ఉండదు. వజూలో సైతం నీరు దుబారా చేయరాదని మన పెద్దలు చెప్పుతారు. చేసిన నీటిని కూడ పారబోయనక్కర లేదని ఆ గరిక మాకు చూపినది. వాన చేత మృతభూమి బ్రతకడాన్ని దివ్య ఖురాన్ పలుమార్లు స్మరింపజేస్తుంది. వాన కురిపించడం మన చేతిలో లేదు. కురిసిన నీరు ఇంకేటట్లు నేలను సిద్ధం చేయడం మన పని. ఆ గరిక వేరు పట్టి పాకేవరకు దాని కొరకు మేము ఒక్క పూట కూడ బోరు మోటారు వేయలేదు.