టర్బో నట్లు ఎంత బిగించాలి?

ఈసారి పండగ చందాల సంగతి కాదు, బండి సంగతి. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మన పాత్రపూర్‌లో అర్ధరాత్రి ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే బరంపురం ఎంకేసీజీకి తీసుకెళ్లడానికి ఎవరో ఒకరి డీజిల్ బండే దిక్కు. వెనక సీట్లో మనిషిని పడుకోబెట్టి, అద్దాలు మూసి బయల్దేరతాం. ఆ బండికి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గర లీకు ఉంటే పొగ బానెట్ కింద నుంచి ఏసీ గాలితో కలిసి లోపలికి వస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ ఉండదు, వాసనా ఉండదు. డీజిల్ పొగలో అది పెట్రోలు పొగ కంటే తక్కువే, కాదనం. కానీ ఊపిరి అందని మనిషికి ఆ తక్కువైనా ఎందుకు పెట్టాలి? తలనొప్పి, వికారం వస్తే జబ్బు వల్లే అనుకుంటాం కూడా.

మా బండి తప్తపాణి ఘాటీ ఎక్కుతూ లాగడం మానేసింది. అంతకుముందే ఉదయం స్టార్ట్ చేస్తే టిక్ టిక్ మని చప్పుడు, వేడెక్కాక మాయం. అందరూ ట్యాపెట్లు అన్నారు. గ్యాస్కెట్ అంచున నల్లటి మసి చార ఉందంటే అవి ట్యాపెట్లు కావు. 1905లో స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూషీ పేటెంట్ తీసుకున్న నాటి నుంచీ టర్బో కిటుకు ఒకటే: బయటికి పోయే పొగతో చక్రం తిప్పి, ఇంజన్‌లోకి గాలి నెట్టడం. పొగ దారిలోనే కారిపోతే చక్రానికి బలమెక్కడిది?

ఒక షెడ్డులో చూపిస్తే, ఇంజన్ కాగుతుండగానే పానాకి పైపు తొడిగి బలమంతా పెట్టి బిగించారు. వారం తిరక్కుండా స్టడ్డు తెగింది. ముక్క హెడ్డులోనే ఉండిపోయింది. డ్రిల్లు వేసి తీయించేసరికి రెండు రోజులు.

ఇనప మానిఫోల్డ్ వేడికి సాగుతుంది. 40 సెంటీమీటర్ల పొడవుది 500 డిగ్రీలు వేడెక్కితే రెండు మిల్లీమీటర్ల పైనే పెరుగుతుంది. చల్లారితే మళ్లీ కుదించుకుంటుంది. రోజూ ఇదే ఊగులాట. అందుకే చాలా బళ్లలో చివరి స్టడ్ల రంధ్రాలు కొంచెం వదులుగా చేస్తారు, అది జరగడానికి చోటు కావాలి కనుక. రాక్షస పట్టు పడితే జరగలేక స్టడ్డునే లాగుతుంది. వదిలేస్తే గ్యాస్కెట్ కాలిపోతుంది. ఎక్కువ బిగిస్తే మంచిదనుకునే అలవాటు మనకి బిందె మూత దగ్గర పనికొస్తుందేమో గానీ ఇక్కడ కాదు.

ఇంజన్ పూర్తిగా చల్లారాకే పని. తుప్పు పట్టిన నట్లకి ముందు రోజు రాత్రే తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచండి. పాత గ్యాస్కెట్ మళ్లీ వేయొద్దు, లాక్ నట్లు కూడా కొత్తవే. రెండు ముఖాలూ శుభ్రంగా గీకి, ఉక్కు స్కేలు ఆనించి వంపు ఉందేమో చూడండి. వంగిన మానిఫోల్డ్‌ని నట్లతో లాగి సరిచేద్దామనుకుంటే మళ్లీ తెగేది స్టడ్డే. ముందు అన్నీ చేత్తో తిప్పి ఆనించాలి. తరువాత మధ్య నట్టు నుంచి మొదలుపెట్టి ఒకసారి ఇటు, ఒకసారి అటు చివరలకి పోవాలి. మొదటి విడత సగం పట్టు, రెండో విడత పూర్తి పట్టు. టర్బో ఫ్లాంజి నట్లు ఎదురెదురుగా.

పూర్తి పట్టు ఎంత? కంపెనీ మాన్యువల్ చెప్పిందే. 8 మిల్లీమీటర్ల స్టడ్డుకి చాలా బళ్లలో 20–25 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. అంటే 25 సెంటీమీటర్ల పానా చివర పది కిలోల బరువు వేలాడదీసినంతే! పైపు తొడగాల్సిన పని ఎక్కడుంది? దారాలకి గ్రీజు లాంటివి పూయడం మాన్యువల్‌లో ఉంటేనే. జారుడు పెరిగితే అదే కొలతకి స్టడ్డు ఇంకా ఎక్కువ సాగుతుంది.

టర్బో విప్పితే ఆయిల్ పైపు బోల్టు దగ్గర రాగి వాషర్లు కూడా మార్చండి. అక్కడ కారిన ఆయిల్ ఎర్రగా కాగిన మానిఫోల్డ్ మీద పడితే మంటే.

మేము టార్క్ రెంచి కొన్నాం. కావలసినవాళ్లు ఇంటికొచ్చి పట్టుకెళ్లండి. వాడాక కొలతని కనిష్ఠానికి తిప్పి స్ప్రింగు వదులు చేసి ఇవ్వండి, దాంతో బిగిసిన నట్లు మాత్రం విప్పకండి.